చేపల మేత: తవుడు మన మిల్లులది, లాభం ఎవరిది?

నార్కట్‌పల్లి: హైదరాబాదు - విజయవాడ రహదారి నుంచి అద్దంకి రోడ్డు చీలిపోయే కూడలి ఇది. మిర్యాలగూడ రైసు మిల్లుల నుంచి హైదరాబాదు వైపు పోయే సరుకు చాలావరకు ఇక్కడి నుంచే పోవాలి. కైకలూరు, భీమవరం ప్రాంతాల నుంచి మంచుగడ్డల మధ్య పెట్టెల్లో వచ్చే చేపలు హైదరాబాదు బజారుకు చేరేదీ ఈ దారినే. తవుడు మన దగ్గర పుడుతున్నది. తవుడు తిని పెరిగిన చేప మాత్రం వేరే జిల్లాలో పెరిగి, మన ఊళ్ల మీదుగా పోయి, అందులో కొంత తిరిగి మన సంతలకే వస్తున్నది. ఇక్కడి మత్స్యకారుడు చెరువులో పిల్లను వదిలి, ఆపైన దేవుడి మీద భారం వేసి ఊరకుంటున్నాడు. సొంత పొలంలో కుంట తవ్వుకున్న రైతు సంచి మేత కొని, పంట చేతికి వచ్చేసరికి మిగిలింది ఏమీ లేదని నిట్టూరుస్తున్నాడు.

చేపల పెంపకంలో అయ్యే ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. రొయ్యలలోనైతే ఈ వాటా ఇంకా పెద్దది. పిల్లకు, కూలికి, కరెంటుకు అయ్యే ఖర్చు తగ్గించుకున్నా మొత్తం లెక్కలో పెద్దగా తేడా రాదు. మేత దగ్గర పొరపాటు జరిగితే మాత్రం పంట మొత్తం నష్టంలోకి పోతుంది. కనుక మేత ఖర్చు తగ్గించడమెలా అన్నది ఉప్పునీటి రొయ్యల రైతుల సమస్య మాత్రమే అనుకోవడం పొరపాటు. నార్కట్‌పల్లి, చిట్యాల, కట్టంగూరు వైపు కుంటలు తవ్వుకున్న వారికీ, చెరువుల మీద ఆధారపడిన సంఘాల వారికీ ఇది ఇంటి సమస్యే.

ధర ఎక్కడ పెరుగుతున్నది

కంపెనీ మేతలో ముఖ్యమైన సరుకులు రెండు. ఒకటి సోయా చెక్క. రెండవది ఎండబెట్టి పిండి చేసిన సముద్రపు చిన్న చేప. రొయ్య మేతలో ఈ రెండూ లేకుండా పని నడవదు. మన దేశంలో 2021లో సోయా చెక్క ధర ఎన్నడూ లేనంతగా పెరిగింది. కోళ్ల రైతులు, రొయ్యల రైతులు గోల పెట్టగా, ఆ సంవత్సరం ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల సోయా చెక్కను విదేశాల నుంచి తెప్పించుకోవడానికి అనుమతి ఇవ్వవలసి వచ్చింది. ఇక చేప పిండి సంగతి. ప్రపంచంలో దీనికి పెద్ద వనరు దక్షిణ అమెరికాలోని పెరూ సముద్ర తీరం. సముద్రం వేడెక్కి చేప దూరమైపోవడంతో 2023లో పెరూ ప్రభుత్వం ఆ ఏడాది మొదటి వేట సీజనునే రద్దు చేసింది. అక్కడ వల పడకపోతే ఇక్కడ మేత బస్తా మీద ధర మారుతుంది. ఏడు సముద్రాల అవతలి వాన మన కుంట మీద కురిసినట్లే.

ప్రభుత్వం కొంత తగ్గించకపోలేదు. 2024 జూలై కేంద్ర బడ్జెట్‌లో చేపల, రొయ్యల మేత మీద దిగుమతి సుంకాన్ని 5 శాతానికి దించారు. 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో మేతలో కలిపే చేపల హైడ్రోలైసేట్ మీద సుంకం 15 నుంచి 5 శాతానికి తగ్గించారు. అదే సంవత్సరం ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేయడంతో కోస్తా రొయ్యల రైతు మళ్లీ దెబ్బతిన్నాడు. అమ్మే ధర తన చేతిలో లేదు కాబట్టి మేత ధరే తగ్గించండని అతడు కంపెనీలను అడగవలసి వచ్చింది.

మన జిల్లా రైతు ఈ గొలుసులో చిట్టచివర ఉన్నాడు. పెరూ సముద్రాన్ని గానీ, అమెరికా సుంకాన్ని గానీ అతడు మార్చలేడు. అయితే అతని చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మన బొచ్చె, రవ్వ, మోసు చేపలకు రొయ్యకు కావలసినంత ఖరీదైన మేత అక్కరలేదు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోకుండా కోస్తా పద్ధతిని ఉన్నదున్నట్లు ఇక్కడికి తెచ్చుకోవడమే అసలు తప్పు అని చెప్పక తప్పదు.

బస్తా ధర కాదు, కిలో చేప ధర

మేత కొనే ముందు చాలామంది బస్తా ధర అడుగుతారు. అడగవలసింది అది కాదు. కిలో చేప పెరగడానికి ఎన్ని కిలోల మేత పట్టిందన్నది అడగాలి. రెండు కిలోల మేతకు కిలో చేప వస్తే ఆ లెక్క రెండు. మూడు కిలోలు పడితే మూడు. ఈ అంకె తెలియని రైతుకు తన లాభం, నష్టం తెలియవు.

లెక్క కోసం కొన్ని ధరలు అనుకుందాం. నిజం ధరలు రైతు తన బజారు చూసి వేసుకోవాలి. తవుడు, చెక్క కలిపిన మేత కిలో 20 రూపాయలు అనుకుంటే, కిలో చేపకు మూడు కిలోలు పట్టినచో 60 రూపాయలు అవుతుంది. గుళికల మేత కిలో 38 రూపాయలు అనుకుంటే, కిలో చేపకు కిలోన్నర చాలితే 57 రూపాయలు. చూడబోతే ఖరీదైన మేతే మూడు రూపాయలు చవక. చౌక మేత కొన్నామని సంబరపడినవాడు నష్టపోయినట్టే. కాని అదే తవుడు మేతను ఆకుపచ్చగా తేరిన నీటిలో, కొలత ప్రకారం పెట్టి, రెండు కిలోలకే కిలో చేప తీయగలిగితే ఖర్చు 40 రూపాయలకు దిగుతుంది. చేపకు ఆ మిగతా తిండి ఎక్కడి నుంచి వచ్చింది? నీటి నుంచి వచ్చింది. దానికి ఎవరూ బిల్లు వేయరు.

మొదట నీటికి మేత

పాతకాలపు చెరువులలో ఎవరూ సంచి మేత పెట్టలేదు. అయినా చేప పెరిగేది. పశువులు చెరువులో దిగేవి, శిఖంలో మేసేవి, వాన నీటితో ఊరి పేడ కొట్టుకువచ్చేది. ఆ బలంతో నీటిలో కంటికి ఆనని నాచు, చిన్న చిన్న పురుగులు పుట్టేవి. బొచ్చె చేప పైనీటిలో తిరిగి ఆ పురుగులను వడకట్టి తింటుంది. రవ్వ నడిమి నీటిలో నాచును తింటుంది. మోసు, బంగారు తీగ అడుగు బురదను వెతుక్కుంటాయి. ఈ మూడు అంతస్తులూ నిండేటట్లు పిల్లను కలిపి వదలడం సగం మేత ఖర్చు ఆదా చేసినట్లు. ఈ కలిపి పెంచే పద్ధతిని దేశమంతటా పరీక్షించి చూడడానికి కేంద్ర మత్స్య పరిశోధన సంస్థ 1971లో ఒక పెద్ద కార్యక్రమమే చేపట్టింది.

సొంత కుంట ఉన్న రైతు ఎకరానికి ఏడాదికి నాలుగు నుంచి ఆరు టన్నుల పశువుల పేడ వేయవచ్చు. అందులో అయిదో వంతు పిల్లను వదలడానికి పదిహేను రోజుల ముందు, మిగిలింది నెలనెలా కొంచెం కొంచెంగా వేయాలి. ఒకేసారి గుమ్మరించడం మంచిది కాదు. కోళ్ల ఎరువుకు బలం ఎక్కువ కాబట్టి మోతాదు బాగా తగ్గించాలి.

నీరు తేరిందో లేదో తెలుసుకోవడానికి పరికరం అక్కరలేదు. పట్టపగలు నీటిలోకి చేయి చాపి మోచేతి దాకా ముంచాలి. నీరు మోచేతి దగ్గరకు వచ్చేసరికి అరచేయి కనబడకుండా పోతే నీటిలో తిండి సరిపడా ఉన్నట్లు. మోచేయి మునిగినా అరచేయి స్పష్టంగా కనబడుతున్నదంటే నీరు పలుచబడింది, పేడ వేయాలి. మణికట్టు దాటగానే చేయి మాయమైతే నీరు మరీ చిక్కబడింది. అప్పుడు పేడా వద్దు, మేతా వద్దు. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోరు తెరిచి గాలి పీలుస్తుంటే నీటిలో ప్రాణవాయువు లేదని అర్థం. అటువంటి రోజున వేసిన మేత అడుగున కుళ్లి మరింత కీడు చేస్తుంది. కొత్త నీరు పెట్టే అవకాశం ఉంటే పెట్టాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఊరి వారు తాగే నీటి చెరువులోను, ఆ నీరు ఊరే బావుల దగ్గరి కుంటలలోను ఈ పేడ పద్ధతి పనికిరాదు. ఉదయ సముద్రం వంటి జలాశయాల సంగతి చెప్పనే అక్కరలేదు. కందూరు చోడుల నాటి పానగల్లు చెరువే ఇప్పుడు కృష్ణా నీటితో నిండే ఉదయ సముద్రం. అక్కడి నుంచి ఎత్తిపోసే నీరు మన మండలంలోని బ్రాహ్మణ వెల్లెంల జలాశయానికి చేరుతున్నది. ఈ ఎత్తిపోతలను 2024 డిసెంబరులో ముఖ్యమంత్రి ప్రారంభించారు. అంతటి నీటికి ఎరువు వేసే ప్రసక్తి లేదు. అక్కడ పెరిగే చేప తన తిండి తాను వెతుక్కోవలసిందే. అటువంటి చోట ఖర్చు తగ్గించే దారి మేతలో లేదు, వదిలే పిల్ల సైజులో ఉన్నది.

నీటి తిండిని పెంచే ఇంకొక ఉపాయం మన చేతి కింద ఉండికూడా చాలామంది గమనించలేదు. దొంగ వలలు పడకుండా చెరువులో కంప వేయడం మన దగ్గర పాత అలవాటు. సర్కారు తుమ్మ కంప కొట్టి నీటిలో పాతుతారు. ఆ కొమ్మల మీద కొద్ది రోజుల్లోనే జారుడు నాచు పట్టుకుంటుంది. రవ్వ చేప ఆ నాచును గీకి గీకి తింటుంది. ఆఫ్రికాలోని బెనిన్ దేశపు మడుగులలో జాలరులు తరతరాలుగా కొమ్మలు పాతి చేపలను పెంచుతున్నారు. దాన్ని అకడ్జా అంటారు. బంగ్లాదేశ్ కుంటలలో వెదురు బొంగులు పాతి చూస్తే రవ్వ దిగుబడి పెరిగిందని శాస్త్రవేత్తలు తేల్చారు. దొంగల కోసం వేసిన కంప మేత కూడా ఇస్తుందన్న మాట. అయితే కొమ్మలకు ఆకు లేకుండా చూసుకోవాలి. ఆకు కుళ్లితే నీరు పాడవుతుంది. వల లాగేముందు కంప తీసే కూలి కూడా లెక్కలో వేసుకోవాలి.

తవుడు, చెక్క: కొల్లేరు నేర్పినది

నీటి తిండి సరిపోనప్పుడు పైమేత పెట్టాలి. బొచ్చె, రవ్వ జాతులకు మేతలో మాంసకృత్తులు నూటికి పాతిక నుంచి ముప్పై పాళ్లు ఉంటే చాలు. నీరు బాగా తేరి ఉంటే ఇరవై పాళ్లయినా గడుస్తుంది. మంచి తవుడులో మాంసకృత్తులు 12 నుంచి 14 పాళ్లు ఉంటాయి. పల్లి చెక్కలో 40 దాటి ఉంటాయి. రెండూ సమానంగా కలిపితే 27 పాళ్ల మేత తయారవుతుంది. డెబ్బయి పాళ్లు తవుడు, ముప్పై పాళ్లు చెక్క కలిపితే సుమారు 21 వస్తుంది. నీరు పచ్చగా ఉన్న నెలల్లో రెండవ లెక్క, నీరు పలుచబడిన నెలల్లో మొదటి లెక్క వాడుకోవచ్చు.

ఈ విషయంలో కొల్లేరు రైతులు చేసిన పని మనం గమనించదగినది. 1970లలో కొల్లేరులో చేపల చెరువులు మొదలైనప్పుడు వారికి గుళికల మేత లేదు. నూనె తీసిన తవుడును చిల్లులు పొడిచిన ప్లాస్టిక్ సంచుల్లో నింపి, నీటిలో పాతిన కర్రలకు కట్టి వేలాడదీశారు. చేప వచ్చి చిల్లులలో మూతి పెట్టి లాక్కుని తింటుంది. మేత నీటిలో కరిగి కొట్టుకుపోదు, అడుగు బురదలో కలవదు. ఏ సంచి త్వరగా ఖాళీ అయింది, ఏది మిగిలింది అన్నది చూస్తే చేపల ఆకలి తెలుస్తుంది. కొల్లేరులో ఆ చెరువులు ఎట్లా విస్తరించాయి, 2006లో ప్రభుత్వం వాటిని ఎందుకు కొట్టేయవలసి వచ్చిందన్నది వేరే కథ. ఆ సరస్సుకు జరిగిన నష్టం కాదనలేనిది. కాని సంచి పద్ధతి మాత్రం పేదవాడి తెలివికి నిదర్శనం. దానికి ఖర్చు నాలుగు కర్రలు, కొన్ని పాత యూరియా సంచులు. పిండిని ఒడ్డు నుంచి చేతితో చల్లే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. అట్లా చల్లినదాంట్లో ఎంత చేప నోటికి పోయిందో, ఎంత గాలికి, నీటికి పోయిందో చెప్పగలవారు లేరు.

ఇక తవుడు కొనడంలో ఉన్న చిక్కులు. వడ్లు మర పట్టినప్పుడు వంద కిలోలకు ఎనిమిది కిలోల లోపు తవుడు వస్తుంది, ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది. ఈ రెండూ కలిసిపోతే రైతు మోసపోతాడు. ఊరి చిన్న మరలో దిగే తవుడులో ఊక పాలు ఎక్కువ. చేతికి గరగరమని గుచ్చుకునేది, పిడికిట నొక్కితే ముద్ద కట్టనిది ఊక కలిసిన తవుడు. దాని ధర తక్కువే, బలమూ తక్కువే. ఊక చేపకు అరగదు. నూనె ఉన్న పచ్చి తవుడు కొద్ది రోజులకే కాటు వాసన వేసి చేదెక్కుతుంది. ఉప్పుడు బియ్యం మిల్లు తవుడు కొంతకాలం ఎక్కువ ఆగుతుంది. నూనె తీసిన తవుడు ఇంకా ఎక్కువ కాలం నిలువ ఉంటుంది. ఎన్ని నెలలకు సరిపడా కొంటున్నామన్న దాన్ని బట్టి ఏ తవుడు కొనాలో నిర్ణయించుకోవాలి.

పల్లి చెక్కకు బూజు భయం. తేమలో నిలువ ఉంచిన చెక్కకు పట్టే ఒక రకం బూజు విషం చేప కాలేయాన్ని దెబ్బతీస్తుంది. బూజు పట్టిన చెక్కను చౌకగా వస్తున్నదని కొనరాదు, ఎండబెట్టినా విషం పోదు. పత్తి గింజల చెక్క మన జిల్లాలో దొరకని వస్తువు కాదు, పత్తి మనకు పెద్ద పంట. కాని అందులో గాసిపాల్ అనే చేదు పదార్థం ఉన్నది. దాన్ని మేతలో పదో వంతుకు అటూ ఇటూగా మాత్రమే కలపాలి. పాడి గేదెలకు కూడా ఆ చెక్కే కావాలి కాబట్టి ధరలో ఎప్పుడూ పోటీ ఉంటుంది. పశువుల కోసం అజొల్లా పెంచుకుంటున్న రైతులు చాలామంది ఉన్నారు. అందులో నాలుగు గంపలు కుంటలో వేస్తే గడ్డి చేప ఆనందంగా తింటుంది, దాని పేడ మళ్లీ నీటికి ఎరువవుతుంది.

ఇంకొక మాట. ప్రతిరోజూ ఒకే రకం బలమైన మేత పెట్టనక్కరలేదని శ్రీలంక శాస్త్రవేత్త డి సిల్వా 1980లలోనే గమనించారు. చేప ప్రతిరోజూ ఒకే విధంగా అరిగించుకోదు. తరువాత మంగళూరు మత్స్య కళాశాలకు చెందిన నందీశ ప్రభృతులు బొచ్చె, రవ్వ చేపల మీదనే దీన్ని పరీక్షించారు. కొన్ని రోజులు తక్కువ మాంసకృత్తుల మేత, కొన్ని రోజులు ఎక్కువ మాంసకృత్తుల మేత మార్చి మార్చి పెట్టినా పెరుగుదల పెద్దగా తగ్గలేదు. చెక్కకు అయ్యే ఖర్చు మాత్రం తగ్గింది. రెండు రోజులు ఒట్టి తవుడు, మూడు రోజులు చెక్క కలిపిన తవుడు అన్న లెక్కన ఒక కుంటలో ప్రయత్నించి చూడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

పెట్టే చేతిని పట్టి

మేత వృథా అయ్యేది ఎక్కువగా అంచనాలో. చేప పెరుగుతున్న కొద్దీ దాని బరువులో మేత వంతు తగ్గుతూ రావాలి. చిన్నప్పుడు బరువులో నూటికి మూడు వంతులు తినే చేప పెద్దదయ్యాక రెండు, ఆపైన ఒక వంతుకు దిగుతుంది. కుంటలో రెండు వేల చేపలు, ఒక్కొక్కటి పావు కిలో ఉంటే మొత్తం 500 కిలోలు. మూడు వంతుల లెక్కన రోజుకు 15 కిలోల మేత. రెండు వంతులు చాలే చోట ఇదే పెడుతుంటే రోజుకు అయిదు కిలోలు, నెలకు 150 కిలోలు నీటిపాలు. కిలో 30 రూపాయల మేత అయితే నెలకు 4,500 రూపాయలు. నెలకోసారి విసురు వల వేసి ఇరవై చేపలను తూచి చూసే శ్రమ తీసుకుంటే ఈ డబ్బు నిలుస్తుంది. చచ్చిపోయిన వాటిని, కొంగలు ఎత్తుకుపోయిన వాటిని తీసివేయకుండా మొదట వదిలిన లెక్కకే మేత పెట్టే వారు ఎంతోమంది ఉన్నారు. లేని చేపకు మేత పెట్టినట్లు!

రొయ్యల రైతులు ఈ విషయంలో మనకంటె జాగ్రత్తగా ఉంటారు. కుంటలో వల బిగించిన పళ్లాలు దించి, అందులో మేత పెట్టి, గంట రెండు గంటలకు తీసి చూసి, మిగిలితే మరునాటి మోతాదు తగ్గిస్తారు. మబ్బు పట్టిన రోజు, చలి ఎక్కువైన రోజు మేత తగ్గించడం వారికి అలవాటు. చేపల కుంటలో కూడా ఒక పాత రేకు పళ్లానికి తాళ్లు కట్టి దించి చూసుకోవచ్చు. డిసెంబరు, జనవరి నెలలలో మన మెట్ట ప్రాంతపు చలికి చేప తిండి బాగా తగ్గుతుంది. ఎండ వచ్చాక మేత పెట్టడం మంచిది.

చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ దేశీయ సరుకులతో రొయ్యలకు వనామి ప్లస్ అనే మేతను, బజారులో పారవేసే చేపల తలలు, పేగుల నుంచి ప్లాంక్టన్ ప్లస్ అనే నీటి ఎరువును తయారుచేసింది. మన దగ్గర వనామి రొయ్య లేకపోయినా ఈ రెండవది ఆలోచించదగినది. 2017 నుంచి రాష్ట్రంలోని జలాశయాలలో నీలకంఠ రొయ్య పిల్లలను వదులుతూ వచ్చారు. నీలకంఠ రొయ్య అడుగున పడిన మేతను ఏరుకుని తింటుంది కాబట్టి, కుంటలో మోసు, బంగారు తీగ తగ్గించి దీన్ని కొంత కలిపితే వృథా అయ్యే మేత కూడా సరుకవుతుంది.

ఉచిత పిల్ల, ఉపవాస చేప

తెలంగాణ ప్రభుత్వం 2016 నుంచి నూటికి నూరు శాతం సబ్సిడీతో చెరువులలో చేప పిల్లలను వదిలే పథకం పెట్టింది. అంతకు ముందు ఏడాది మొదలైన మిషన్ కాకతీయ వల్ల పూడిక తీసిన చెరువులలో నీరు నిలిచే రోజులూ పెరిగాయి. ఇవి మంచివే. కాని పిల్లకు పెట్టిన శ్రద్ధ దాని పొట్ట మీద పెట్టలేదు. మన మెట్ట కుంటలలో నీరు నిలిచేది అయిదారు నెలలు. ఆగస్టులో పడవలసిన పిల్ల అక్టోబరులో, నవంబరులో పడితే, ఫిబ్రవరి, మార్చికల్లా నీరు తూము అడుగుకు చేరితే, చేప ఎప్పుడు తిన్నట్లు, ఎప్పుడు పెరిగినట్లు? వేలెడంత పిల్లను వదిలి వేసవిలో అరచేయంత చేపను పట్టుకున్నామన్న మాట చాలా ఊళ్లలో వినబడుతుంది. అటువంటి చెరువులో సంచి మేత కొని వేయడం దండగ.

దీనికి కోస్తా రైతు కనిపెట్టిన జవాబు ఉన్నది. పిల్లలను చిన్న కుంటలో కిక్కిరిసేటట్లు వేసి, తక్కువ మేతతో ఒక ఏడాది ఆకలి మీద ఉంచుతారు. గుప్పెడు సైజు దాటి, పెరగకుండా నిలిచిన ఆ పిల్లను పెద్ద చెరువులో వదిలితే, తిండి దొరకగానే ఆగిన పెరుగుదలనంతా ఒక్కసారిగా పూర్తి చేసుకుంటుంది. అయిదు నెలల నీటిలో అమ్మకపు సైజుకు రావడానికి ఇదే దారి. నిండు వేసవిలోనూ నీరుండే ఒక అరెకరం కుంటను సంఘం తన చేతిలో ఉంచుకుని, ఈ ఏటి పిల్లలో కొంత వచ్చే ఏటికి దాచుకోగలిగితే ప్రభుత్వ పిల్ల ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసే బాధ సగం తప్పుతుంది.

సంఘం కొంటేనే

ఒక్క రైతు మిల్లుకు పోయి రెండు బస్తాల తవుడు అడిగితే అతనికి దళారి ధరే చెబుతారు. పది సంఘాలు కలిసి లారీ లోడు అడిగితే మాట మారుతుంది. మన సంఘాలు ఇప్పటివరకు చెరువు హక్కు కోసం, పిల్ల పంపిణీ కోసం, వలలు, బండ్ల సబ్సిడీ కోసం సమావేశమైనంతగా మేత కొనుగోలు కోసం సమావేశం కాలేదు. గంగపుత్రులైనా, ముదిరాజులైనా చెరువు మీద హక్కు ఎవరిదన్న తగవులో మునిగిపోతే మిల్లు దగ్గర బేరమాడేది ఎవరు?

2020లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో రోజుకు రెండు టన్నుల మేత తయారుచేసే చిన్న మిల్లుకు 30 లక్షల రూపాయల యూనిట్ విలువ కట్టి, సామాన్యులకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి 60 శాతం సహాయం నిర్ణయించారు. తవుడు, చెక్క రెండూ దగ్గరగా దొరికే మన జిల్లాకు ఇటువంటి మిల్లు సరిపోయినట్లు మరొక చోటికి సరిపోదు. అయితే మిల్లు పెట్టడం వేరు, నడపడం వేరు. రోజుకు రెండు టన్నులు తినే చేపలు దగ్గరలో లేకపోతే ఆ యంత్రం తుప్పు పట్టిపోతుంది. ముందు కలిసి కొనడం, కలిపి పంచుకోవడం అలవాటైతే తరువాత మిల్లు సంగతి చూసుకోవచ్చు. మేతకు పెట్టుబడి కావలసిన వారికి 2018-19 నుంచి కిసాన్ క్రెడిట్ కార్డును చేపల పెంపకానికి కూడా వర్తింపజేశారు. వడ్డీ వ్యాపారి దగ్గర, లేదా చేపలు తనకే అమ్మాలన్న షరతు మీద దళారి దగ్గర మేతకు అప్పు తెచ్చుకునే వారు బ్యాంకులో ఆ కార్డు గురించి అడగాలి. దళారి అప్పుకు వడ్డీ కనబడదు. అది చేప తూచేటప్పుడు కాటాలో తీసుకుంటాడు.

చౌక మేత పేరుతో జరుగుతున్న మరొక వ్యవహారాన్ని ప్రస్తావించకపోతే ఈ విషయం పూర్తికాదు. కోళ్ల దుకాణాలలో మిగిలిన పేగులు, ఈకలు తెచ్చి కుంటలో పోసి, కేంద్రం ఎప్పుడో నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను పెంచేవారు హైదరాబాదు చుట్టుపక్కల జిల్లాలలో పలుమార్లు పట్టుబడ్డారు. మత్స్యశాఖ వారు, పోలీసులు ఆ కుంటలను ధ్వంసం చేశారు. రహదారి మీద ఉన్న మన మండలానికి ఈ చెత్త బండి వచ్చి చేరడం కష్టమేమీ కాదు. ఆ చేప వానకు గట్టు దాటి ఊరి చెరువులో పడితే, సంఘం వదిలిన పిల్లనంతా అదే మింగుతుంది. మేత ఖర్చు లేదు కదా అని ఒప్పుకున్న కౌలుకు ఊరంతా మూల్యం చెల్లించవలసి వస్తుంది.

ఇక కొనుగోలు కాలం. మిల్లులలో తవుడు విరివిగా దిగేది వానకాలపు వడ్లు వచ్చే నవంబరు, డిసెంబరు నెలలలోను, యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మే నెలలలోను. చెరువులలో మేత అవసరం ఎక్కువగా ఉండేది ఆగస్టు నుంచి నవంబరు వరకు. అంటే యాసంగి తవుడే మన చేపకు అందాలి. మే నెలలో కొని ఆగస్టు దాకా దాచాలంటే నూనె తీసిన తవుడే తీసుకోవాలి. సంఘం గదిలో నేల మీద బస్తాలు వేయక, చెక్కల మీద ఎత్తుగా, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి. ఆ గది కప్పు వానకు కారుతున్నదా లేదా అన్నది జూన్ రాకముందే చూసుకోవాలి.